గోడకి అవతలి వాళ్లు

ఝాన్సీ రోజూ పొద్దున్నే గుడివాడలో పాసింజరెక్కి బందరులో దిగుతుంది. పదకొండేళ్లుగా అదే బండి, ఇంచుమించు అదే పెట్టె. కోనేరు సెంటర్ వెనక సందులో ఉన్న డాక్టర్ శ్యామ్ సుందర్ గారి డయాగ్నస్టిక్ సెంటర్ షట్టర్ ఎత్తేది ఆమే. అక్కడ ఎక్స్‌రే టెక్నీషియన్ ఆమె ఒక్కతే. కాలు విరిగిన రిక్షావాళ్లు, దగ్గు తగ్గని ముసలివాళ్లు, గల్ఫ్ వెళ్లడానికి మెడికల్ కావలసిన కుర్రాళ్లు, కృత్తివెన్ను రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్లు, అందరూ ఆమె చేతుల మీదుగా వెళ్లాల్సిందే.

సెంటర్‌ని ఆనుకుని, మధ్యలో ఒకే ఒక గోడతో, జైనాబ్ వాళ్ల వాటా ఉంది. రెండూ ఒకప్పుడు పిచ్చేశ్వరరావు గారి తండ్రి కట్టించిన ఒకే ఇల్లు. తండ్రి పోయాక ఆయన దాన్ని రెండు వాటాలు చేసి అద్దెకిచ్చుకున్నాడు. జైనాబ్‌కి యాభై దాటాయి. చిలకలపూడి నుంచి వచ్చే రోల్డ్ గోల్డ్ జుంకాలకీ, నెక్లెసులకీ రాళ్లు అంటించే పని ఆమెది. కోడలు ఫౌజియా కూడా పక్కనే కూర్చుని అదే పని చేస్తుంది. కొడుకు నవాజ్ తయారైన సరుకుని మోటారు సైకిలు మీద మోపిదేవి గుడి దగ్గర కొట్లకీ, అవనిగడ్డకీ వేసి వస్తాడు.

మధ్యాహ్నం ఝాన్సీ కారియర్ విప్పుకునేది జైనాబ్ ఇంట్లోనే. మొదట్లో మంచినీళ్ల కోసం వెళ్లింది, ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ఈమె తెచ్చిన గోంగూర పచ్చడి వాళ్ల కంచంలోకీ, వాళ్లు వండిన దాల్చా ఈమె గిన్నెలోకీ వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పోయి చాలా ఏళ్లయింది.

ఆ ఏడాది జూన్ నెలలో ఒక మంగళవారం, అన్నాలు తింటుండగా ఫౌజియా నవ్వుతూ అంది.

"అక్కా, ఇవాళ పొద్దున్నించీ నీ దగ్గరికి ఎంతమంది వచ్చారో చెప్పనా? పదిహేడు."

"గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టావా ఏంటి?"

"గుమ్మం దాకా ఎందుకు? నువ్వు 'ఊపిరి గట్టిగా పీల్చండి, బిగపట్టండి' అంటావుగా. అన్నప్పుడల్లా నేనూ బిగపట్టేస్తా. 'ఆఁ, వదలండి' అనగానే వదిలేస్తా."

"వద్దంటే వినదమ్మా," అంది జైనాబ్. "కడుపులో బిడ్డకి ఊపిరాడద్దూ? చిన్నపిల్ల ఆటలూ ఇదీనూ."

ఫౌజియాకి అప్పుడు అయిదో నెల. పెళ్లయిన నాలుగేళ్లకి నిలిచిన కడుపు. ముగ్గురూ నవ్వారు. ఝాన్సీ కూడా నవ్వింది. నోట్లో ముద్ద పెట్టుకుని నమలబోతూ ఆగిపోయింది.

"నా మాట అంత బాగా వినపడుతుందా ఇక్కడికి?"

"చెవిలో చెప్పినట్టు ఉంటుందక్కా. ఆ తర్వాత మిషను టక్కుమనడం కూడా."

 ఎక్స్‌రే గది గోడలు తొమ్మిదంగుళాల ఇటుక గోడలని, అద్దెకిచ్చేటప్పుడు పిచ్చేశ్వరరావు గారు డాక్టరు గారితో చెప్పినప్పుడు ఝాన్సీ అక్కడే ఉంది. అంత గోడ దాటి మాట ఇంత స్పష్టంగా రాదు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, ఏదో చూస్తున్నట్టుగా గోడని వేలి కణుపుతో తట్టింది. ఒక మూల గట్టిగా పలికింది. నాలుగడుగులు ఇవతలికి వచ్చి, రోజూ ఫౌజియా వీపు ఆనించుకుని కూర్చునే చోట తట్టింది. డొల్ల.

సున్నం మీద సున్నం వేసిన గోడ. పైకి తేడా ఏమీ లేదు. ఆ చోట మేకుకి ఒక క్యాలెండరు, కింద చాప, చాప మీద రాళ్ల పొట్లాలు, జిగురు సీసా.

ఎక్స్‌రే కిరణం మనిషి దగ్గరే ఆగిపోదు. మనిషిని దాటుకుని, వెనక స్టాండుని దాటుకుని, గోడలోకి వెళ్తుంది. గోడ మంచిదైతే అక్కడ చచ్చిపోతుంది. అందుకే మొదట ప్లాను గీసినప్పుడు, ఛాతీ ఎక్స్‌రేలు తీసే స్టాండుని తూర్పు గోడకి పెట్టారు. దాని వెనక ఖాళీ దొడ్డి, మనుషులు మసలని చోటు. కిందటి డిసెంబరులో దాన్ని పడమటి గోడకి, జైనాబ్ వాటా వైపుకి, మార్చారు. మార్చమని అడిగింది ఝాన్సీయే. స్ట్రెచర్ తిరగడం లేదని, ముసలివాళ్లని రెండు చేతులా ఎత్తి మోయాల్సి వస్తోందని, తన నడుం పడిపోతోందని చెప్పింది. డాక్టరు గారు సరేనన్నారు. గదిలో ఏది మార్చినా మళ్లీ కొలతలు వేయించి అణుశక్తి నియంత్రణ బోర్డుకి రాయాలని ఇద్దరికీ తెలుసు. "చూద్దాం, వేయిద్దాం" అనుకుంటూ ఇద్దరూ మర్చిపోయారు.

డిసెంబరు నుంచి జూన్. ఝాన్సీ మనసులో నెలలు లెక్కపెట్టుకుంది. ఫౌజియా నెలలు కూడా లెక్కపెట్టుకుంది.

"ఆంటీ, మా హాల్లో కొత్త కూలరు పెట్టారు. మీరిద్దరూ ఓ పావుగంట వచ్చి కూర్చోండి. ఎండకి ఇక్కడ ఉడికిపోతున్నారు," అంది.

"ఇప్పుడా? ఈ సెట్టు సాయంత్రానికి ఇవ్వాలమ్మా."

"పావుగంటే ఆంటీ. నా మాట వినండి."

ఆమె గొంతులో ఏం వినపడిందో, జైనాబ్ మారు మాట్లాడకుండా లేచింది. వాళ్లిద్దరినీ వీధి వైపు హాల్లో కూర్చోబెట్టి, ఝాన్సీ ఒక ఎక్స్‌రే కాసెట్, అంటే బొమ్మ పట్టే పలక, తీసుకుని మళ్లీ వాళ్లింట్లోకి వెళ్లింది. క్యాలెండరు తీసి అదే మేకుకి కాసెట్‌ని తాడుతో వేలాడదీసింది. చాప మీదున్న జుంకాల్లో రెండిటిని దాని మీద టేపుతో అంటించింది. కిరణం గోడ దాటి వస్తే వాటి నీడ పడాలి. ఇల్లంతా ఓసారి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, తలుపు దగ్గరగా వేసి తన గదికి వచ్చింది. స్టాండు ముందు ఎవరూ లేరు. తను సీసం తెర వెనక్కి వెళ్లి మూడుసార్లు బటన్ నొక్కింది. వెళ్లి కాసెట్ తెచ్చి రీడర్‌లో పెట్టింది.

కంప్యూటర్ తెర మీద బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగింది.

ముందు రెండు జుంకాలు వచ్చాయి, బుట్టలూ కొక్కేలూ ముత్యాలతో సహా, ఎవరో పెన్సిలుతో గీసినంత స్పష్టంగా. వాటి వెనక నిలువునా అయిదు తెల్లని గీతలు. వాటికి అడ్డంగా రెండు. పక్కన మడతబందు నీడ ఒకటి.

కిటికీ. ఊచలతో సహా ఒక కిటికీ ఆ గోడలో ఉంది. దాని మీద చెక్కలు కొట్టి, అవతల సున్నమూ ఇవతల టైల్సూ వేసి మూసేశారు. పదకొండేళ్లుగా ఆ గదిలో తిరుగుతున్న ఝాన్సీకి అది అంతకు ముందెప్పుడూ కనపడలేదు.

 హాల్లోంచి ఫౌజియా నవ్వు వినపడుతోంది. కూలరు గాలికి చున్నీ ఎగిరి ఎవరి మీదో పడినట్టుంది.

డాక్టర్ శ్యామ్ సుందర్ ఆమె ప్రింటు తీసిచ్చిన ఫిల్మును వెలుతురుకి పట్టి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడు. డబ్బుల్లేనివాళ్లని డబ్బులడగడు. కానీ గాభరా మనిషి.

"ఈ కిటికీ సంగతి పిచ్చేశ్వరరావు చెప్పలేదే!"

"చెప్పలేదండీ. మనం తట్టి చూడనూ లేదు. స్టాండు మార్చమన్నది నేనే."

"నువ్వు అడిగావు, నేను సంతకం పెట్టాను. అది సరే." ఆయన తలుపు దగ్గరికి వెళ్లి వేసి వచ్చాడు. "చూడమ్మా. ఆదివారం తాపీవాళ్లని పిలిపిస్తా. ఇటుక కట్టించి, సీసం రేకు వేయించేద్దాం. మన వైపు నుంచే పని అయిపోతుంది. ఎవరికీ తెలియక్కర్లేదు."

"ఇవాళ మంగళవారం. ఆదివారం దాకా?"

"ఆపేద్దాం. మిషను పాడైందని బోర్డు పెట్టు. ఛాతీ ఎక్స్‌రేలు పెద్దాసుపత్రికి పంపు."

"మరి వాళ్లకి?"

"ఎవరికి?"

"జైనాబ్ ఆంటీ వాళ్లకండీ."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏమని చెప్తావు? అయిదో నెల కడుపుతో ఉన్న పిల్లకి 'నీ మీద రేడియేషన్ పడింది' అని చెప్తావా? ఆ మాట వినగానే కొంతమంది కడుపు తీయించుకుంటారు, ఝాన్సీ. నేను చూశాను. పడింది కొంచెమే అయ్యుంటుంది. ఆ కొంచెం కంటే ఈ భయమే ఆ పిల్లకి ఎక్కువ చెరుపు."

ఆయన మాటలో అబద్ధం లేదు. అదే ఝాన్సీకి కష్టమైంది.

సాయంత్రం పాసింజర్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది కానీ ఆమెకి చేలు కనపడలేదు, పెడన వచ్చింది వెళ్లింది కూడా తెలియలేదు. గుడివాడలో ఇంటికి చేరి అన్నం వడ్డిస్తుంటే భర్త హనోకు ఆమె మొహం చూసి కంచం పక్కకి జరిపాడు. అతను కరెంటు ఆఫీసులో లైన్‌మన్. విషయమంతా విన్నాడు.

"డాక్టరు గారన్నదీ నిజమే కదా," అన్నాడు.

"నిజమే. కానీ నాకైతే గుండెల మీద బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి పంపితే నా మీద ఎంత పడిందో రాసి పంపుతారు. ఎక్కువైతే ఎందుకైందని అడుగుతారు. ఆ పిల్లకి ఏముంది? ఎవరు అడుగుతారు?"

హనోకు ఆమె వైపు తిరిగాడు. "మేం స్తంభం ఎక్కేముందు లైను ఆపామని కిందవాడు చెప్పాలి. చెప్పకపోతే చస్తాం. ఆపకుండా ఆపామన్నా చస్తాం. చెప్పడమనేది పనిలో భాగమే ఝాన్సీ. అది మన ఇష్టం మీద ఉండదు."

ఆమె ప్రార్థన చేసుకుని పడుకుంది. నిద్ర పట్టలేదు.

మర్నాడు పదింటికి, నవాజ్ కూడా ఇంట్లో ఉన్నప్పుడు చూసుకుని, ఝాన్సీ వాళ్లింటికి వెళ్లి చాప మీద కూర్చుంది. ఫౌజియాని గోడ దగ్గర్నుంచి లేపి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కిటికీ సంగతి చెప్పింది. స్టాండు మార్చమన్నది తనేనని కూడా చెప్పింది. నిన్న కూలరు పేరుతో ఎందుకు లేపిందో చెప్పి, ఫిల్ము చూపించింది.

 ఫౌజియా ఫిల్ములోని జుంకాలనే చూస్తోంది. ఆమె రెండు చేతులూ నెమ్మదిగా పొట్ట మీదికి వచ్చాయి.

"ఎంత పడింది?" అన్నాడు నవాజ్.

"అది కొలిచేవాళ్లు రావాలి నవాజ్. నాకు తెలిసినంతలో భయపడేంత కాదు. కానీ నేను చెప్తే చాలదు. విజయవాడ నుంచి నిపుణురాలిని పిలవమని డాక్టరు గారిని అడుగుతాను."

"ఆరు నెలలు మా ఇంట్లో అన్నం తిన్నావు గదక్కా, ఆ గోడ ఎదురుగా కూర్చుని," అన్నాడతను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేది.

జైనాబ్ లేచింది. "ఈ పిల్ల నీకేం చేసిందమ్మా? నాలుగేళ్లు ఎన్ని దర్గాలు తిప్పానో నీకు తెలుసు. నీతోటే చెప్పుకున్నా." కొంగుతో మొహం కప్పుకుంది. "వెళ్లమ్మా. ఇప్పుడు వెళ్లు."

ఝాన్సీ సెంటర్‌కి వచ్చేసరికి డాక్టరు గారు గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె మొహం చూడగానే ఆయనకి అర్థమైంది.

"చెప్పేశావా?"

"చెప్పేశానండీ. ఉద్యోగం మానమంటే మానేస్తాను. కానీ ఆ గోడ కొలిపించకుండా నేనైతే బటన్ నొక్కను."

ఆయనకి కోపం వచ్చింది. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. గంట తర్వాత బయటికి వచ్చినప్పుడు, చెప్పులు వేసుకుని పక్క వాటాకి వెళ్లాడు. అప్పటికి నవాజ్ సందులోకి వచ్చి నిలబడి ఉన్నాడు. అతని చుట్టూ నలుగురైదుగురు చేరారు. వాళ్లందరి ముందూ డాక్టరు గారు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు నాది నవాజ్. గోడ చూసుకోకుండా మిషను తిప్పాను. సర్ది చెప్పడానికి రాలేదు. రేపు కొలిచే మనిషి వస్తుంది. ఆవిడ మీ ఇంట్లోకే వస్తుంది, మీ ముందే కొలుస్తుంది. లెక్క ఏదైనా సరే, దాచకుండా మీకే చెప్తుంది."

అంత పెద్దమనిషి నడివీధిలో అలా అంటాడని ఎవరూ అనుకోలేదు. ఝాన్సీ కూడా అనుకోలేదు.

సుచిత్ర మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో, భుజాన బరువైన సంచి. విజయవాడలో నాలుగైదు ఆసుపత్రులకి రేడియేషన్ భద్రత చూసే ఉద్యోగం ఆమెది. డాక్టరు గారిచ్చిన కాఫీ తాగకుండానే ముందు జైనాబ్ ఇంట్లోకి వెళ్లింది. అందరినీ బయటికి పంపి, గోడ దగ్గర మీటరు పెట్టి, ఇటు ఝాన్సీ చేత మిషను వేయించింది. మనిషి స్థానంలో నీళ్ల డబ్బాలు పెట్టించింది. గోడ అంచులు, మధ్య, వంటగది, మంచం ఉన్న చోటు, అన్నిచోట్లా కొలిచింది. రోజుకి ఎంతమంది వచ్చారో ఆరు నెలల రిజిస్టరు తిరగేసింది. ఫౌజియా ఏ వేళ నుంచి ఏ వేళ దాకా కూర్చుంటుందో, మధ్యలో ఎప్పుడు లేస్తుందో, పుట్టింటికి ఎన్నాళ్లు వెళ్లిందో ఓపిగ్గా అడిగి రాసుకుంది.

పిచ్చేశ్వరరావు గారు కూడా వచ్చి నిలబడ్డాడు. కిటికీ మాట ఎత్తగానే ఆయన నుదురు కొట్టుకున్నాడు. "మా నాన్నగారి గది కిటికీ అండీ. గాలి బాగా వచ్చేది. వాటాలు చేసినప్పుడు వడ్రంగి ఏడుకొండలు చేత చెక్కలు కొట్టించా. తాపీ పని తర్వాత చూద్దామనుకున్నా. మర్చేపోయా. నిజంగా మర్చేపోయానండీ."

 మర్చిపోయినవాళ్లు ఆ గదిలో ముగ్గురున్నారు.

నాలుగింటికి సుచిత్ర ఫౌజియా ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మా, లెక్క తేలింది. చెప్పనా?"

ఫౌజియా తలూపింది.

"మనందరి మీదా రోజూ కొంచెం రేడియేషన్ పడుతూనే ఉంటుంది. మట్టిలోంచి, ఆకాశంలోంచి. అది ఎవరూ తప్పించుకోలేరు. ఈ ఆరు నెలల్లో గోడలోంచి నీ మీద అదనంగా పడింది, మామూలుగా ఒక మనిషి మీద ఏడాదిలో ఆ మట్టీ ఆకాశం వల్ల పడేదానికంటే తక్కువే. నీ పొట్టలో బిడ్డకి చేరింది ఇంకా తక్కువ. బిడ్డకి అవకరాలు రావడానికి ఎంత పడాలో డాక్టర్లకి తెలుసు. నీ బిడ్డకి చేరింది అందులో యాభయ్యో వంతు కూడా లేదు."

"అంటే ఏమీ కాదా?" అంది జైనాబ్.

"దీనివల్ల అవకరం రాదు. కడుపు తీయించుకోవాలని ఎవరైనా అంటే వినకండి, అది తప్పుడు సలహా." సుచిత్ర తన లెక్కల కాయితం వాళ్ల ముందు పెట్టింది. "కానీ ఇది జరగకూడదు. ఎక్స్‌రే తీయించుకునేవాళ్లకి దానివల్ల ఒక లాభం ఉంటుంది, వాళ్లు ఒప్పుకుని వస్తారు. మీరు మీ ఇంట్లో మీరు కూర్చున్నారు. మిమ్మల్ని అడిగిందెవరు? పక్కింటివాళ్ల మీద ఏడాదికి ఇంతకు మించి పడకూడదని ఒక హద్దు ఉంది. ఇక్కడ అది దాటింది. నేను అలాగే రాసి పంపుతాను."

డాక్టరు గారు తల వంచుకుని విన్నాడు. "రాయండి," అన్నాడు.

మూడు వారాలు సెంటర్‌లో ఎక్స్‌రే గది మూసేశారు. కిటికీ పెరికి, ఇటుక కట్టి, దాని మీద సీసం రేకు వేశారు. స్టాండు మళ్లీ తూర్పు గోడకి వెళ్లింది. స్ట్రెచర్ తిరగడానికి గది తలుపే వెడల్పు చేయించారు. ఆ ఖర్చు డాక్టరు గారూ పిచ్చేశ్వరరావు గారూ ఎలా పంచుకున్నారో ఝాన్సీకి తెలియదు. సుచిత్ర మళ్లీ వచ్చి కొలిచి, బాగుందని సంతకం పెట్టి వెళ్లింది.

ఈ మూడు వారాలూ ఝాన్సీ బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని కారియర్ విప్పుకుంది. గోంగూర తెచ్చిన రోజు ఇంటికి మిగిల్చి తీసుకెళ్లింది.

గది తెరిచిన రెండో రోజు జైనాబ్ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"నీ మీద కోపం పోలేదు," అంది.

"పోనక్కర్లేదు ఆంటీ."

"కోడలు అన్నం సరిగా తినడం లేదు. అయిదో నెల స్కానింగ్ రాశారు, ఆరో నెల కూడా వచ్చేసింది. వెళ్లనంటోంది. మిషను గది అంటేనే వణుకుతోంది. నవాజ్ చెప్పాడు, నేను చెప్పా, వాళ్లమ్మ చెప్పింది. వినదు." జైనాబ్ గొంతు తగ్గింది. "అది నీ మాట తప్ప వినదని నాకు తెలుసు. అందుకే వచ్చా."

ఫౌజియా వంటగది గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ఝాన్సీ పక్కన కూర్చున్నాక కూడా కాసేపు నేల మీదే చూసింది.

"స్కానింగ్‌లో రేడియేషన్ ఉండదు ఫౌజియా. అది శబ్దం. మన చెవికి వినపడనంత సన్నని శబ్దం లోపలికి పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి బొమ్మ గీస్తుంది."

"గోడ కూడా ఇటుకే అన్నారుగా."

ఝాన్సీ తల ఊపింది. 

"అన్నారు. నేనూ నమ్మాను. అందుకే ఇప్పుడు నన్ను నమ్మమని అడగడానికి నాకు మొహం లేదు."

ఫౌజియా తల ఎత్తింది. "నా చోట నువ్వుంటే వెళ్తావా అక్కా?"

"వెళ్లాను. మా పాప కడుపులో ఉన్నప్పుడు నేను ఈ ఉద్యోగంలోనే ఉన్నా. తెర వెనక నిలబడి, పొట్ట దగ్గర ఇంకో బ్యాడ్జి పెట్టుకుని. ఎనిమిదో నెల దాకా చేశా. ప్రతిసారీ బ్యాడ్జి రిపోర్టు వచ్చేదాకా నాకూ నిద్ర ఉండేది కాదు. అన్నీ తెలిసినదాన్ని, నాకే అంత భయం. స్కానింగ్‌కి వెళ్లినప్పుడు మాత్రం భయపడలేదు. ఎందుకంటే అది శబ్దమేనని తెలుసు." ఫౌజియా చెయ్యి తీసుకుంది. ఆ పిల్ల వదిలించుకోలేదు. "నాకోసం వెళ్లొద్దు. లోపల వాడో అదో ఎలా ఉన్నారో నీకే తెలియాలి కదా. నేను నీ పక్కనే, నీ మంచానికి ఆనుకుని నిలబడతా. ఎక్కడికీ వెళ్లను."

శనివారం వెళ్లారు. స్కానింగ్ చేసే డాక్టరమ్మ పొట్ట మీద చల్లని జెల్ రాయగానే ఫౌజియా ఉలిక్కిపడి ఝాన్సీ మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఝాన్సీ కదల్లేదు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ చూస్తూ మెల్లగా చెప్పుకుపోయింది. తల బాగుంది. వెన్నెముక బాగుంది. గుండెలో నాలుగు గదులూ ఉన్నాయి. రెండు చేతులు, రెండు కాళ్లు. "ఇదిగో, బొటనవేలు నోట్లో పెట్టుకుంటున్నారు చూడు."

ఫౌజియా ఏడ్చింది. మూడు వారాలుగా ఏడవనిదంతా అక్కడ ఏడ్చింది. బయటికి వచ్చాక ఆకలేస్తోందంది. రోడ్డు పక్క హోటల్లో రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, ఝాన్సీ ప్లేటులో ఉన్నది కూడా తింది.

అక్టోబరు చివర్లో, వాయుగుండం పట్టి బందరు రోడ్లన్నీ నీళ్లలో ఉన్న రోజుల్లో, పెద్దాసుపత్రిలో ఫౌజియాకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. నవాజ్ మోకాలి లోతు నీళ్లలో నడిచి సెంటర్‌కి వచ్చి, డాక్టరు గారికి చెప్పాడు. తిరిగి వెళ్తూ ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర ఆగాడు.

"అక్కా, రా. అమ్మ తీసుకురమ్మంది."

జూన్ తర్వాత అతను ఆమెని అక్కా అని పిలవడం అదే మొదలు.

ఝాన్సీ బిడ్డని ఒళ్లో పెట్టుకుని, తెలియకుండానే వేళ్లు లెక్కపెట్టింది. లెక్కపెట్టాక ఎదురుగా చూస్తే, జైనాబ్ కూడా పెదాలు కదుపుతూ అదే లెక్క పెడుతోంది.  భయం ఒక్క లెక్కతో పోదని ఇద్దరికీ తెలుసు. బిడ్డ పాకేదాకా, నడిచేదాకా, మాట్లాడేదాకా అది అప్పుడప్పుడు వచ్చి పలకరించి పోతూనే ఉంటుంది.

జనవరిలో డాక్టరు గారు ఝాన్సీని పిలిచి, అవనిగడ్డలో తన స్నేహితుడు కొత్తగా ఎక్స్‌రే పెడుతున్నాడని, ఒకసారి గది చూసి రమ్మని పంపాడు. ఆ డాక్టరు గారు ప్లాను కాయితం బల్ల మీద పరిచి, గోడల మందం, సీసం తలుపు, అన్నీ వివరంగా చూపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఈ గోడకి అవతల ఎవరుంటారండీ?" అంది ఝాన్సీ.

"అవతలా? ఏదో సందు. ఎవరూ ఉండరనుకుంటా."

"ఓసారి చూసొద్దామండీ."

భవనం చుట్టూ తిరిగి వెళ్తే, సందులో ఆ గోడకే ఆనించి తాటాకు పందిరి ఉంది. పందిరి కింద ఒక ముసలమ్మ హంసలదీవి నుంచి వచ్చిన ఎండుచేపలు తట్టలో పోసుకుని అమ్ముతోంది. పేరు అడిగితే తాతమ్మ అంది. ఝాన్సీ ఆమె పక్కన గొంతుక్కూర్చుని, రోజూ ఎన్నింటికి వస్తుందో, ఎన్నింటికి వెళ్తుందో, వీపు ఎటువైపు పెట్టి కూర్చుంటుందో అడగడం మొదలుపెట్టింది.

"పొద్దున ఏడింటికొస్తే దీపాలేళకి పోతా," అంది తాతమ్మ అనుమానంగా. "ఏం, ఇక్కణ్నించి లేపేస్తారా?"

"మిమ్మల్ని లేపరు మామ్మా. అవసరమైతే గోడే ఇంకొంచెం మందంగా లేపిస్తాం."

పక్కన నిలబడ్డ అవనిగడ్డ డాక్టరు గారు ప్లాను మడిచి జేబులో పెట్టుకుని, పందిరిలోకి వంగి వచ్చి గోడని వేలితో తట్టి చూశాడు.